26 క్రెడిట్లు, 7 పీరియడ్లు, ఒక పెళ్లి

ప్రశ్న: మేము జూలైలో హైదరాబాదు నుంచి టెక్సస్‌కు, డాలస్ ఉత్తరపు శివారుకు వచ్చాము. మా అబ్బాయి అక్కడ సీబీఎస్‌ఈ బడిలో తొమ్మిదో తరగతి పూర్తి చేశాడు. ఇక్కడి ప్రభుత్వ హైస్కూలువారు ఆగస్టులో పదో తరగతిలో చేర్చుకున్నారు. పాత మార్కుల పత్రం చూసి 6 క్రెడిట్లు ఇచ్చామని, డిప్లొమాకు, అంటే హైస్కూలు పట్టాకు, 26 కావాలని చెప్పి, కౌన్సెలర్ ఒక ప్రణాళిక కాగితం చేతిలో పెట్టి సంతకం చేయమన్నారు. ఇచ్చిన ఆరూ ఇవి: ఇంగ్లిష్ వన్, ఆల్జీబ్రా వన్, ఐపీసీ అనే సైన్సు, వరల్డ్ జాగ్రఫీ, తెలుగు, కంప్యూటర్. బడిలో రోజుకు 7 పీరియడ్లు. మావారు అన్నీ ఏపీ అనే కాలేజీ స్థాయి కోర్సులే తీసుకోవాలంటున్నారు. పక్కింటివారు ర్యాంకు పోతుంది జాగ్రత్త అంటున్నారు, అయిదు రాష్ట్ర పరీక్షలు రాయాలని కూడా భయపెట్టారు. నాకు ఎంపీసీ, బైపీసీ తెలుసు గానీ ఈ లెక్క అంతు చిక్కడం లేదు. వీడు మూడేళ్లలో బయటపడతాడా? ఇంకొక సంగతి. మాఘమాసంలో మా తమ్ముడి పెళ్లి. అందరం మూడు వారాలు వెళ్లి రావాలనుకుంటున్నాము.
— ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

మీ ఇంట్లో జరుగుతున్న చర్చలో రెండు వేర్వేరు లెక్కలు కలగలిసిపోయాయి. ఒకటి డిప్లొమా లెక్క. ఇన్ని క్రెడిట్లు, ఇన్ని పరీక్షలు అని రాష్ట్రం రాసిపెట్టినది, తేలితే తేలినట్టు, తేలకపోతే లేనట్టు. రెండోది కాలేజీ లెక్క. ఏపీలు, జీపీఏ అనే మార్కుల సగటు, ర్యాంకు అందులోవి, వాటికి పైకి హద్దు లేదు. మీవారూ పక్కింటివారూ వాదించుకుంటున్నది రెండోదాని గురించి, మీరు అడుగుతున్నది మొదటిదాని గురించి. మీరు అడిగినదే ముందు తేలాలని నా అభిప్రాయం, ఎందుకంటే తొమ్మిదో తరగతి నుంచి ఇక్కడే చదివిన పిల్లలకు ఉన్నంత వెసులుబాటు మీ అబ్బాయికి లేదు. ఎంత లేదో కూడా అంకెల్లోనే చెప్పవచ్చు. 26లో 6 పోగా 20 మిగిలాయి. ఏడాది పాటు చదివిన ఒక్కొక్క కోర్సుకు ఒక క్రెడిట్ కాబట్టి రోజుకు 7 పీరియడ్లంటే ఏడాదికి 7 క్రెడిట్లు, మూడేళ్లకు 21. అంటే మూడేళ్ల పాటు ఏ పీరియడూ ఖాళీగా పోకుండా, ఏ కోర్సూ తప్పకుండా చదివితే చేతిలో అదనంగా మిగిలేది ఒకే ఒక్క క్రెడిట్. మూడేళ్లలో బయటపడతాడు, సందేహం లేదు. అయితే ఆ ఒక్క క్రెడిట్‌ను దృష్టిలో పెట్టుకొని ప్రతి నిర్ణయమూ తీసుకోవాలి.

మనకు ఇంటర్‌లో ఎంపీసీ అని ఒక్క మాట చెబితే చాలు, రెండేళ్ల పాఠాలూ వాటంతట అవే వచ్చి పడేవి. ఇక్కడ అలా కాదు. తరగతి అన్నది ఇక్కడ చాలా పలుచని మాట. పదో తరగతి పిల్లవాడు ఒక పీరియడ్‌లో తొమ్మిదో తరగతివారితో కూర్చొని జామెట్రీ చదివి, తరువాతి పీరియడ్‌లో పదకొండో తరగతివారితో ఇంకేదో చదువుతాడు. ఏడాది మొత్తంగా పాస్, ఫెయిల్ అన్న తీర్పు ఉండదు. కోర్సుకు కోర్సు, సెమిస్టర్‌కు సెమిస్టర్ విడివిడిగా తేలుతుంది. 70 మార్కులు వస్తే ఆ సెమిస్టర్‌కు అర క్రెడిట్. ఒక సెమిస్టర్‌లో 66, మరొకదానిలో 76 వస్తే సగటు చూసి పూర్తి క్రెడిట్ ఇచ్చే పద్ధతి చాలా స్కూలు డిస్ట్రిక్టుల్లో, అంటే ఒక ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థల్లో, ఉంది, మీ బడిలో ఉందో లేదో విద్యార్థుల నిబంధనల పుస్తకంలో చూసుకోండి.

ఇక ఆ 26 ఎక్కడిదంటే, 2013లో టెక్సస్ చేసిన చట్టం ప్రకారం మూల ప్రణాళికకు 22 క్రెడిట్లు, దాని మీద ఎండార్స్‌మెంట్ అనే ప్రత్యేక శాఖను కలుపుకుంటే 26. మన గ్రూపుకు కాస్త దగ్గరగా ఉన్నది ఈ ఎండార్స్‌మెంటే. ఇవి అయిదు రకాలు: సైన్సు, సాంకేతిక, ఇంజనీరింగు, గణితం కలిపిన స్టెమ్; వ్యాపారం-పరిశ్రమ; ప్రజాసేవలు; కళలు-మానవీయ శాస్త్రాలు; అన్నీ కొంచెం కొంచెం కలిపిన బహువిషయ శాఖ. దీనిపైన డిస్టింగ్విష్డ్ లెవెల్ అని ఒక మెట్టు ఉంది. నాలుగు గణితం, నాలుగు సైన్సు, ఒక ఎండార్స్‌మెంట్ ఉండి, గణితంలో ఆల్జీబ్రా టూ కూడా ఉంటే అది దక్కుతుంది. కాలేజీ చర్చ వచ్చినప్పుడు దీని అవసరం చెబుతాను. ఇప్పటికి గుర్తుంచుకోవలసినది ఒక్కటే. పదో తరగతి ముగిశాక తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఎండార్స్‌మెంట్ లేకుండా 22తోనే బయటపడే అవకాశం చట్టంలో ఉంది. బండి గాడి తప్పినప్పుడు అది పనికొస్తుంది. బాగా నడుస్తున్నప్పుడు పది కాగితాల మధ్య ఆ కాగితం మీద కూడా సంతకం పడిపోకుండా చూసుకోండి.

మీ దగ్గరున్న కాగితాన్ని పక్కన పెట్టుకొని ఇది చదవండి. 26లో ఇంగ్లిష్ 4, గణితం 4, సైన్సు 4, సోషల్ 3, ఇంగ్లిష్ కాని భాష ఒకటి రెండేళ్లు కాబట్టి 2, వ్యాయామ విద్య 1, లలిత కళలు 1, ఐచ్ఛికాలు 7. మీవాడికి వచ్చిన ఆరింటినీ వీటి ఎదురుగా పెడితే ఇంగ్లిష్ 3, గణితం 3, సైన్సు 3, సోషల్ 2, భాష 1, వ్యాయామం 1, కళ 1, ఐచ్ఛికాలు 6 మిగులుతాయి. మొత్తం 20. కౌన్సెలర్ కాగితంలో ఇదే మొత్తం వేరే గళ్లలో ఉంటే, ఉదాహరణకు తెలుగును భాష కింద కాక ఐచ్ఛికం కింద వేసి ఉంటే, సంతకానికి ముందే అడగాలి. మొత్తం 6 అని సరిపోయినంత మాత్రాన సరిపోదు, ఏ ఖాతాలో 6 అన్నదే ముఖ్యం. దీనితోపాటు కొన్ని డిస్ట్రిక్టులు రాష్ట్రం అడగని ఆరోగ్య విద్య వంటి అర క్రెడిట్లను తమ సొంత నియమంగా పెట్టుకున్నాయి. మీ డిస్ట్రిక్టులో అలాంటివి ఉంటే అవి ఐచ్ఛికాల ఆరులోంచే పోతాయి.

వ్యాసంలో ఎక్కువ చోటు గణితానికే ఇస్తున్నాను, ఎందుకంటే వరుస తప్పితే మళ్లీ కూడదీసుకోలేనిది అదొక్కటే. ఇక్కడ గణితాన్ని ముక్కలుగా చెబుతారు. ఆల్జీబ్రా వన్, జామెట్రీ, ఆల్జీబ్రా టూ, ప్రీకాల్క్యులస్, ఆపైన కాల్క్యులస్. మనవైపు తొమ్మిదో తరగతి పుస్తకంలో బహుపదులు, రెండు చరరాశుల రేఖీయ సమీకరణాలు, త్రిభుజాలు, వృత్తాలు, హెరాన్ సూత్రం, సాంఖ్యకశాస్త్రం అన్నీ ఒకే సంచిలో ఉంటాయి. అందువల్ల మీవాడికి జామెట్రీ సగం తెలుసు, ఆల్జీబ్రా వన్ ముప్పావు తెలుసు. తెలియని పావు ఏమిటో చెబితే మీవారు ఆశ్చర్యపోవచ్చు. వర్గ సమీకరణాలు మనకు పదో తరగతిలో వస్తాయి, వాడు పదో తరగతి చదవకుండానే ఇక్కడికి వచ్చాడు. ఇక్కడ అవి ఆల్జీబ్రా వన్‌లోనే, పరావలయాల గ్రాఫులతో సహా అయిపోతాయి. ఘాతీయ ప్రమేయాలూ అంతే. కాగితం మీద ఆల్జీబ్రా వన్ క్రెడిట్ వచ్చింది గనుక ఆ పాఠాలు వాడికి ఎవరూ చెప్పరు, ఆల్జీబ్రా టూ ఉపాధ్యాయుడు మాత్రం అవి వచ్చుననే మొదలుపెడతాడు. కారణాంకాలుగా విడగొట్టడం, వర్గాన్ని పూర్తిచేయడం, గ్రాఫు చూసి మూలాలు చెప్పడం, ఈ మూడింటినీ నాలుగైదు వారాంతాల్లో ఇంట్లో కూర్చోబెట్టి చెప్పించండి. ఆ పని మీవారు చేయగలిగితే అన్ని ఏపీల కంటే పెద్ద మేలు అదే.

ఒక్కొక్క ఏడు ఒక్కొక్క మెట్టు ఎక్కితే పదిలో జామెట్రీ, పదకొండులో ఆల్జీబ్రా టూ, పన్నెండులో ప్రీకాల్క్యులస్. డిప్లొమాకు ఇది పూర్తిగా చాలు. కానీ ఇంజనీరింగు వైపు వెళ్లాలనుకుంటే కాల్క్యులస్ లేకుండా హైస్కూలు దాటడం ఇబ్బందే. దీనికి దారి ఉంది. జామెట్రీకైనా ఆల్జీబ్రా టూకైనా ముందుగా కావలసినది ఆల్జీబ్రా వన్ ఒక్కటే కాబట్టి ఆ రెంటినీ ఒకే ఏడాది పక్కపక్కన చదవవచ్చు. ప్రీకాల్క్యులస్‌కు మాత్రం మూడూ పూర్తి కావాలి. కనుక పదిలోనే జామెట్రీ, ఆల్జీబ్రా టూ రెండూ తీసుకుంటే పదకొండులో ప్రీకాల్క్యులస్, పన్నెండులో ఏపీ కాల్క్యులస్ అందుతాయి. అయిదు గణితాలు అవుతాయి. ఆల్జీబ్రా టూ తరువాత రెండు పై కోర్సులు, వాటికి తోడు కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఉంటే గణితం దారిలోనే స్టెమ్ ఎండార్స్‌మెంట్ వచ్చేస్తుంది, దాని కోసం వేరే కోర్సుల వరుస వెతుక్కోనక్కరలేదు. అయిదో గణితం ఐచ్ఛికాల ఖాతాలో పడుతుంది, కాబట్టి వృథా కూడా కాదు.

జామెట్రీని వేసవిలో పరీక్ష రాసి కొట్టేయవచ్చని ఎవరైనా చెబుతారు. అది నిజమే. పాఠం వినకుండా నేరుగా పరీక్ష రాసి క్రెడిట్ పొందే సదుపాయం టెక్సస్‌లో ఉంది, దానికి 80 శాతం రావాలి. పాఠం విని తప్పినవారికి 70 చాలు. మీవాడికి జామెట్రీలో తెలియనిది తక్కువే గానీ ఇక్కడి నిరూపణల పద్ధతీ పదజాలమూ కొత్త. ఆగస్టు దాటిపోయింది కనుక ఇప్పుడు ఆ ఆలోచన పెట్టుకోకండి. ఆ సదుపాయాన్ని మరొకచోట వాడుకుందాం.

ఆ మరొకచోటు తెలుగు. భాష కింద రావలసిన రెండు క్రెడిట్లూ ఒకే భాషలో ఉండాలి. తెలుగుకు ఒకటి వచ్చింది, రెండోది మీ హైస్కూలులో పాఠంగా దొరకదు. అక్కడ చాలామంది ఏమీ ఆలోచించకుండా స్పానిష్ వన్‌లో చేర్పిస్తారు. అప్పుడు స్పానిష్ రెండేళ్లు చదవాలి, తెలుగు ఐచ్ఛికాల్లోకి జారిపోతుంది, మొత్తం మాత్రం మారదు. మీవాడికి స్పానిష్ మీద సరదా ఉంటే అది మంచి దారే. లేకపోతే భాషా నైపుణ్య పరీక్ష ద్వారా తెలుగుకు క్రెడిట్ ఇచ్చే డిస్ట్రిక్టులు టెక్సస్‌లో ఉన్నాయి, మీది అందులో ఒకటేమో మొదట అడగండి. ఒకటైతే ఆ పరీక్షతో ఒక పీరియడ్ ఖాళీ అవుతుంది, మిగులు ఒకటి నుంచి రెండవుతుంది. మీ పరిస్థితిలో అది చిన్న సంగతి కాదు. తొమ్మిదో తరగతి దాకా తెలుగు చదివిన పిల్లవాడికి మాట్లాడడం, చదవడం కష్టం కాదు, రాయడం మాత్రం ఆరు నెలలు మానేస్తే చేయి తిరగదు. వారాంతపు తెలుగు బడి ఇచ్చిన ధ్రువపత్రం ఉంటే చాలునని అనుకోవద్దు. డిస్ట్రిక్టు ముందుగా ఒప్పుకున్నప్పుడే దానికి విలువ. కంప్యూటర్ ప్రోగ్రామింగు రెండేళ్లు చదివితే భాష బదులు లెక్కించే వీలు కూడా చట్టంలో ఉంది కానీ అది డిప్లొమా వరకే. రెండేళ్లు నిజమైన భాష కావాలనే కాలేజీలు చాలా ఉన్నాయి గనుక నేను ఆ దారి చెప్పను.

సైన్సులో పదో తరగతికి బయాలజీ తీసుకోవడం తప్పనిసరి అనుకోండి. మీవాడికి వచ్చిన ఐపీసీ భౌతిక, రసాయన శాస్త్రాల కలగలుపు, బయాలజీకి బదులు అది చెల్లదు. తరువాత పదకొండులో కెమిస్ట్రీ, పన్నెండులో ఫిజిక్స్. సోషల్‌లో పదకొండులో అమెరికా చరిత్ర, పన్నెండులో ప్రభుత్వ వ్యవస్థ ఒక సెమిస్టర్, ఆర్థికశాస్త్రం ఒక సెమిస్టర్. వ్యాయామం, కళ ఈ రెండూ ఈ ఏడాదే పూర్తిచేయించండి. పన్నెండులో పద్దెనిమిదేళ్ల పిల్లవాడు తొమ్మిదో తరగతి పిల్లలతో పరుగెత్తడానికి సిగ్గుపడి వాయిదా వేస్తూ వస్తాడు. బయట నేర్చుకుంటున్న ఈత, నాట్యం వంటివాటికి క్రెడిట్ అడగవచ్చు గానీ నేర్చుకోవడం మొదలుపెట్టే ముందే డిస్ట్రిక్టు అనుమతి కావాలి, నేర్చుకున్నాక తీసుకెళ్లిన సర్టిఫికెట్‌ను ఎవరూ చూడరు. హైస్కూలు దాటేలోపు గుండె ఆగినవారికి చేసే సీపీఆర్ శిక్షణ ఒకసారి పొందాలని కూడా నియమం. అది సాధారణంగా ఏదో ఒక క్లాసులోనే అయిపోతుంది, కానీ మధ్యలో వచ్చి చేరిన పిల్లలకు తప్పిపోతుంటుంది కనుక ఒక మాట అడగండి.

అంటే ఈ ఏడాది ఏడు పీరియడ్లూ ఇలా నిండుతాయి: ఇంగ్లిష్ టూ, జామెట్రీ, ఆల్జీబ్రా టూ, బయాలజీ, వ్యాయామం, కళ, కంప్యూటర్ సైన్స్. ఇప్పటికే వేరే కోర్సుల్లో కూర్చుంటున్నాడంటే మార్చుకునే గడువు సాధారణంగా సెమిస్టర్ మొదటి రెండు మూడు వారాల్లోనే ఉంటుంది, కాబట్టి ఈ ఉత్తరం అందిన మరుసటి రోజే కౌన్సెలర్‌కు రాయండి.

పరీక్షల భయం గురించి. స్టార్ అనే రాష్ట్ర పరీక్షల్లో హైస్కూలువి అయిదన్న మాట నిజం. ఆల్జీబ్రా వన్, బయాలజీ, ఇంగ్లిష్ వన్, ఇంగ్లిష్ టూ, అమెరికా చరిత్ర. కానీ టెక్సస్ ప్రభుత్వ బడిలో చేరకముందే సంపాదించిన క్రెడిట్‌ను డిస్ట్రిక్టు అంగీకరిస్తే ఆ కోర్సు పరీక్ష రాయనక్కరలేదు. మీవాడికి ఇంగ్లిష్ వన్, ఆల్జీబ్రా వన్ అలా వచ్చాయి కనుక మిగిలేవి మూడే: ఈ వసంతంలో బయాలజీ, ఇంగ్లిష్ టూ, వచ్చే ఏడాది అమెరికా చరిత్ర. తప్పితే జూన్‌లో, డిసెంబరులో మళ్లీ రాయవచ్చు. రాష్ట్రం ఈ స్టార్ పద్ధతిని 2027-28 నుంచి మార్చాలని 2025లో చట్టం చేసింది. మీవాడు ఆ ఏడాదికి పన్నెండులో ఉంటాడు, అప్పటికి ఈ మూడూ అయిపోతే ఆ గందరగోళం వాడిని తాకదు. మూడింటిలో నాకు బెంగ ఉన్నది ఇంగ్లిష్ టూ మీదే. మనవైపు పిల్లలకు ఇంగ్లిష్ రాక కాదు, ఒక కొత్త పాఠం చదివి అందులోని ఆధారాలు చూపిస్తూ కంప్యూటర్ మీద వ్యాసం రాయడం అలవాటు లేక. ఇంటి భాష తెలుగు అని రాసినందుకు ఇంగ్లిష్ స్థాయి పరీక్ష పెట్టి ఉంటే నొచ్చుకోకండి. అలా రాసినవారందరికీ పెడతారు, దాని వల్ల అదనపు బోధన దొరికితే తీసుకోండి.

ఇప్పుడు మీవారి మాటకు వస్తాను. ఏపీ కోర్సులు మంచివే, డిప్లొమా ఖాతాలో అవి కూడా మామూలు కోర్సుల్లాగే ఒక్కొక్క క్రెడిట్. దానికంటే ఎక్కువ ఏమీ రాదు, తప్పితే మాత్రం అదే ఒక్క క్రెడిట్ పోతుంది. దేశం మారి, భాష మారి, పీరియడ్‌కు పీరియడ్‌కు గది మారే తొలి ఏడాదిలో ఒక్కటి చాలు. ఇష్టమైతే కంప్యూటర్ సైన్స్‌ను ఏపీ స్థాయిలో తీసుకోనివ్వండి. పదకొండులో రెండు మూడు, పన్నెండులో వాడి బలాన్ని బట్టి. పదకొండు, పన్నెండుల్లో స్థానిక కమ్యూనిటీ కాలేజీ ద్వారా డ్యూయల్ క్రెడిట్ కోర్సులు కూడా దొరుకుతాయి. ఒకే కోర్సుకు హైస్కూలు క్రెడిట్, కాలేజీ క్రెడిట్ రెండూ వస్తాయి. అయితే అందులో వచ్చిన మార్కు కాలేజీ రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుందని వాడికి ముందే చెప్పాలి.

ర్యాంకు విషయంలో పక్కింటివారి మాటలో కొంత నిజముంది. 1997 నాటి చట్టం వల్ల టెక్సస్ హైస్కూళ్లలో పై 10 శాతంలో నిలిచిన వారికి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం దొరుకుతుంది. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం మాత్రం దీన్ని చాలా బిగించింది, 2026లో చేరేవారి నుంచి పై 5 శాతానికే ఆ హక్కు. ఆ హక్కుకు ఇందాక చెప్పిన డిస్టింగ్విష్డ్ లెవెల్ కావాలి, లేదా ఎస్‌ఏటీ వంటి కాలేజీ ప్రవేశ పరీక్షల్లో నిర్ణీత స్థాయి చూపించాలి. పైగా ప్రవేశం విశ్వవిద్యాలయంలోకే గానీ కోరుకున్న శాఖలోకి కాదు. కంప్యూటర్ సైన్స్‌కు ర్యాంకు ఒక్కటే సరిపోదు. మీరు తెలుసుకోవలసినది ఏమిటంటే, హైదరాబాదు నుంచి వచ్చిన 6 క్రెడిట్లను మీ డిస్ట్రిక్టు జీపీఏలో కలుపుతుందా, లేక పాస్ అని మాత్రమే రాసి వదిలేస్తుందా. ఒక్కొక్క డిస్ట్రిక్టుది ఒక్కొక్క పద్ధతి. దీన్ని నోటిమాటగా కాక ఈమెయిల్‌లో అడిగి, వచ్చిన జవాబును దాచుకోండి. ర్యాంకు గురించి ఈ ఏడాదికి ఇంతకు మించి ఆలోచించవలసినది ఏదీ నాకు కనిపించడం లేదు.

పన్నెండో తరగతిలో ఎదురయ్యే ఇంకొక కాగితం గురించి ముందే చెబుతాను, వీసా మీద ఉన్న కుటుంబాలు దాని దగ్గర కంగారు పడతాయి. 2021-22 నుంచి టెక్సస్‌లో డిప్లొమాకు ఆర్థిక సహాయ దరఖాస్తు కూడా ఒక షరతు. ఫాఫ్సా అనే కేంద్ర దరఖాస్తు గానీ, టాస్ఫా అనే రాష్ట్ర దరఖాస్తు గానీ పంపాలి, లేదా మాకు వద్దు అని ఒక పత్రం మీద సంతకం చేసి ఇవ్వాలి. హెచ్‌-4 అనే ఆశ్రిత వీసా మీద ఉన్న పిల్లలకు కేంద్ర సహాయం రాదు కాబట్టి మాకేమీ సంబంధం లేదని ఊరుకుంటే లెక్కలో ఒక గడి ఖాళీగా ఉండిపోతుంది. ఆ వద్దు అనే పత్రం మీద తల్లిగా మీరు సంతకం చేయవచ్చు.

చివరికి పెళ్లి. ఇది మీరు ఉత్తరం అడుగున చేర్చారు గానీ నా కన్ను మొదట దాని మీదే పడింది. టెక్సస్ చట్టం ప్రకారం ఏ కోర్సుకైనా క్రెడిట్ రావాలంటే ఆ కోర్సు జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు ఉండాలి. మార్కులతో దీనికి సంబంధం లేదు. మా పెద్దమ్మాయి పదో తరగతిలో ఉండగా మా అమ్మకు ఒంట్లో బాగా లేదని తెనాలి వెళ్లి రెండున్నర వారాలు ఉండిపోయాము. వచ్చాక పిల్ల హోంవర్కు అంతా పూర్తిచేసింది, మార్కులు బాగానే వచ్చాయి, మేమూ మరిచిపోయాము. రెండేళ్ల తరువాత, పన్నెండో తరగతి ఫిబ్రవరిలో, కాలేజీలకు పంపడానికి ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించి వరుసగా చదువుతుంటే చిత్రలేఖనం రెండో సెమిస్టర్ దగ్గర మార్కు గడిలో 84 అని ఉంది, పక్కన క్రెడిట్ గడిలో సున్నా ఉంది. హాజరు తక్కువైనందుకు క్రెడిట్ ఆపేశారు, ఆ సంగతి చెప్పే ఉత్తరం మేము ఊళ్లో లేని రోజుల్లో వచ్చి ఏ కట్టలో పోయిందో పోయింది. అప్పుడే అడిగి ఉంటే హాజరు సంఘం ముందు వైద్యుని పత్రం పెట్టి, శనివారాలు బడికి వెళ్లి గంటలు పూడ్చుకునేది. రెండేళ్ల తరువాత ఆ దారి మూసుకుపోయింది. చివరి సెమిస్టర్‌లో మిగతా పిల్లలు మధ్యాహ్నానికే ఇళ్లకు వెళ్తుంటే తను కూర్చొని ఆ అర క్రెడిట్ మళ్లీ చదివింది. మేము చేసిన తప్పు ఊరికి వెళ్లడం కాదు, తిరిగి వచ్చిన వారం ఆ వరుస చూసుకోకపోవడం.

మీ లెక్క చూడండి. వసంత సెమిస్టర్ 88 రోజులనుకుంటే అందులో పదో వంతు ఎనిమిది రోజులు దాటదు. మూడు వారాలంటే పదిహేను బడి రోజులు. మతపరమైన పర్వదినాలకు చట్టం సెలవు ఇస్తుంది, మేనమామ పెళ్లికి ఇవ్వదు. హాజరు 75 నుంచి 90 శాతం మధ్య ఉంటే ప్రిన్సిపాల్ ఒప్పుకున్న పథకం ప్రకారం పని పూర్తిచేసి క్రెడిట్ నిలుపుకోవచ్చు, కానీ అది ఏడు కోర్సులకూ విడివిడిగా తేలాలి, మీ చేతిలో ఉన్న మిగులు ఒక్కటే. పైగా ఆరు నెలల వ్యవధిలో అనుమతి లేని గైర్హాజరీలు పదికి చేరితే బడి ఆ విషయాన్ని కోర్టుదాకా తీసుకెళ్లవలసి వస్తుంది, కొత్తగా వచ్చిన కుటుంబానికి ఆ తలనొప్పి అనవసరం. బయాలజీ, ఇంగ్లిష్ టూ పరీక్షలు కూడా ఆ తరువాత రెండు నెలల్లోనే ఉంటాయి.

మేనల్లుడు లేకుండా పెళ్లి ఏమిటని మీ అమ్మగారు అడుగుతారు, అడగడం న్యాయమే. మీరు ముందు వెళ్లండి. పిల్లవాడు వాళ్ల నాన్నతో తరువాత బయలుదేరనివ్వండి. ఫిబ్రవరి మూడో సోమవారం ప్రెసిడెంట్స్ డే, కొన్ని బడులకు ఆ ముందు శుక్రవారం కూడా సెలవు. ముహూర్తం ఆ వారానికి అటూ ఇటూగా ఉంటే గురువారం సాయంత్రం బడి వదలగానే విమానం ఎక్కి, తరువాతి వారమంతా అక్కడ ఉండి ఆదివారానికి తిరిగి వస్తే పోయేవి నాలుగైదు బడి రోజులు. అంతకు ముందు ఆ సెమిస్టర్‌లో జ్వరానికో జలుబుకో రెండు రోజులకు మించి మానకుండా చూసుకుంటే ఏ కోర్సులోనూ 90 శాతం కిందికి పోడు. టికెట్లు కొనే ముందు మీ బడి క్యాలెండర్‌లో ఆ శుక్రవారం సంగతి చూడండి, ప్రయాణం తేదీలను హాజరు చూసే కార్యాలయానికి ముందుగానే రాసి పంపండి, తిరిగి వచ్చిన వారం పోర్టల్ తెరిచి ఏడు వరుసల్లోనూ హాజరు అంకె చదవండి.